వూఫర్‌కి చోటేదీ?

పోయిన వారం మన సౌండు మేస్త్రిని మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంట్లోనే సినిమా హాలు పెట్టించుకోవాలనుకునే వాళ్లందరూ ముందుగా కబురు పెట్టేది మేస్త్రికే. ఆయన మైకులూ మీటర్లూ ముట్టుకోడు. చెవి ఒగ్గి వింటాడు, నాబ్ కొంచెం తిప్పుతాడు, మళ్లీ వింటాడు, "ఇంక దీని మీద ఎవ్వరూ చెయ్యి వెయ్యకండి" అని వెళ్లిపోతాడు. ఇరవై రెండేళ్లుగా అదే పద్ధతి. ఇప్పుడు కాలేజీ వాళ్ల కొత్త ఆడిటోరియంలో సౌండు పని ఎవరికి ఇవ్వాలో సోమవారం ఆ హాల్లోనే పరీక్ష పెట్టి తేలుస్తారు. తేల్చే కమిటీలో పళ్ల డాక్టరమ్మ ఉంది. "ముందు మా ఇంట్లో హోం థియేటర్ పెట్టి చూపించండి, తర్వాత మాట్లాడదాం" అందావిడ. స్పీకర్లన్నీ బుద్ధిగా కుదిరాయి. బాంబులూ ఉరుములూ పలికే నల్ల పెట్టె, అదే వూఫర్, అదొక్కటే మొండికేసింది. దానికోసం మేస్త్రి ఆ ఇంటికి రావడం ఇది మూడోసారి.

ఆయన పాకుతున్నది ఎందుకంటే, వూఫర్ పెట్టడంలో ఒక కిటుకుంది. సినిమా చూసే మనిషి కూర్చునే చోట వూఫర్‌ని కూర్చోబెట్టాలి. ఉరుములాంటి మోత ఒకటి ఆగకుండా మోగేలా పెట్టి, మనిషి గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ ఆ మోత నిండుగా, శుభ్రంగా వినిపిస్తే అదే వూఫర్ ఉండాల్సిన చోటు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ, ఇంతకన్నా నమ్మకమైన ఉపాయం ఇంకోటి లేదు. మేస్త్రి ఈ పద్ధతిలో వందల ఇళ్లలో పాకాడు. ఏ ఇంట్లోనూ పావుగంట మించి పట్టలేదు. ఇక్కడ పొద్దున మొదలుపెట్టింది మధ్యాహ్నం దాటినా తెమల్లేదు.

"ఏమైనా దొరికిందా నాయనా?" అంది డాక్టరమ్మ అత్తగారు. సోఫాలో ఆవిడ రోజూ కూర్చునే చోటు ఖాళీ చేయించి, అక్కడ స్టూలు వేసి, దాని మీద వూఫర్ పెట్టాడు మేస్త్రి. ఆవిడ భోజనాల బల్ల దగ్గర కుర్చీలోకి మారింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్కేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పనిచేసినన్నాళ్లూ మెల్లగా మాట్లాడి మాట్లాడి విసుగెత్తిందో ఏమో, ఇప్పుడు బాంబులు పేలే సినిమాలంటే పడి చస్తుంది. అసలు ఈ హోం థియేటర్ ఆవిడ కోసమే.

"దొరుకుతుందండీ," అన్నాడు మేస్త్రి పళ్లు బిగించి.

దొరకడం లేదు. గోడ మూల దగ్గర బొత్తిగా లేదు. టీవీ పక్కన లేదు. కిటికీ కింద ఏదో ఉన్నట్టే ఉండి జారిపోతోంది. మొదటిసారి వచ్చినప్పుడు తప్పు పెట్టెదే అనుకుని పెట్టె మార్చాడు. రెండోసారి వైర్లు మార్చాడు, వెనకాల ఉన్న చిన్న స్విచ్చిని అటూ ఇటూ వేశాడు, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్లో లెక్కలన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మార్చడానికి ఇక ఆ ఇల్లే మిగిలింది. నాబ్ ఇప్పటికే సగం దాటింది. షోకేసులో పింగాణీ కప్పులు గలగలమంటున్నాయి. కప్పుల గలగల ఆయనకి స్పష్టంగా వినిపిస్తోంది. కప్పుల్ని కదిలిస్తున్నది మాత్రం చెవికి అందడం లేదు. ఆయనకి ఒళ్లు మండిపోతోంది.

ఆయన చెల్లెలు గది మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చుని, స్టాండు మీద కొలిచే మైకు పెట్టి, ఒళ్లో లాప్‌టాప్ చూసుకుంటోంది. పదిహేనేళ్లు కరెంటాఫీసులో చేసి, ఆడిటోరియం పని వస్తుందన్న ఒకే ఒక్క ఆశతో ఆర్నెల్ల కిందట ఉద్యోగం మానేసి అన్న పక్కకి వచ్చింది. వైరింగంతా ఆమెదే. ఆ మైకు కూడా ఆమెదే. అన్నకి అది కంట్లో నలుసు.

"అన్నయ్యా, ఒక్కసారి ఇటు చూడు. మిగతా స్పీకర్ల కన్నా వూఫర్ తొమ్మిది డెసిబెల్స్ ఎక్కువుంది."

"తక్కువుంది."

"ఎక్కువుందని గీత చూపిస్తోంది కదా."

"గీతకేం తెలుసే చిట్టీ? మైకుకి మనసుందా? సౌండు బాగుందో లేదో దానికెలా తెలుస్తుంది?"

"మనసు లేదు కాబట్టే అబద్ధం చెప్పదు," అని ఆమె మళ్లీ లాప్‌టాప్‌లో తల దూర్చింది.

అప్పుడే ఎవరో బెల్లు కొట్టారు. తలుపు తీస్తే కింది అంతస్తులో ఉండే లాయరు. తలుపంత మనిషి. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా వచ్చాడంటే ఎంత కోపంలో ఉన్నాడో తెలుస్తూనే ఉంది. మేస్త్రి మోకాళ్ల మీదనుంచే తలెత్తి చూశాడు. లాయరు పెదాలు కదులుతున్నాయి, చెయ్యి నేలవైపు చూపిస్తోంది. మేస్త్రికి మధ్యమధ్యలో బుసలు కొట్టినట్టు కొన్ని అక్షరాలు తప్ప ఇంకేం అందలేదు. ఈ మగవాళ్లు ఈమధ్య మాటని నోట్లోనే నానబెట్టుకుంటున్నారు, పెదాల దాకా రానివ్వరు అని విసుక్కున్నాడు. ఎదుటివాళ్ల మాట అందనప్పుడు కొన్నాళ్లుగా చేస్తున్న పనే ఇప్పుడూ చేశాడు. చిరునవ్వు నవ్వి, తలూపాడు.

లాయరు మొహం కందగడ్డైంది. చెల్లెలు ఒక్క ఉదుటున లేచి అడ్డం వెళ్లింది. "సారీ అండీ, సారీ, ఇదిగో ఆపేస్తున్నాం, ఇంకో గంటలో అయిపోతుంది" అని దణ్ణాలు పెట్టి ఆయన్ని మెట్లు దింపి వచ్చింది.

"ఆయన ఇంట్లో ఫ్యాను ఊగుతోందట. భార్యకి తలనొప్పట. నువ్వేమో పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు నవ్వుతావేంటి అన్నయ్యా?"

"ఊగుతోందా? అదీ సంగతి!" మేస్త్రి కళ్లు మెరిశాయి. "కింద ఫ్యాను ఊగుతోందంటే మోతంతా నేల మింగేస్తోందన్నమాట. పొద్దున్నించీ నా అరచేతులకి అదురు తెలుస్తోంది. చెవికి తెలియడం లేదు. నేలలోకి పోతుంటే చెవికెక్కడినించి వస్తుంది?"

చెల్లెలు లాప్‌టాప్‌లో గీత వంక ఇంకోసారి చూసుకుంది.

"నాక్కూడా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది నాయనా," అంది అత్తగారు. "కొంచెం తగ్గించరాదూ? బాంబులంటే నాకిష్టమే గానీ, మరీ ఇంట్లో పడితే ఎలా?"

మేస్త్రికి ఓపిక నశించింది. "అమ్మగారూ, ఏమీ అనుకోకండి. మీ వయసులో చెవులు ఉన్నదున్నట్టు చెప్పవు. మీకు ఎక్కువనిపించినంత మాత్రాన ఎక్కువ ఉన్నట్టు కాదు."

ఆ మాట అన్నాక గాని అన్నానని తెలియలేదు. చెల్లెలు నాలిక్కరుచుకుంది. వంటింట్లోంచి సంచి భుజానికి తగిలించుకుంటూ వచ్చిన డాక్టరమ్మ గుమ్మంలో ఆగిపోయింది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది.

"మేస్త్రిగారూ, నేను క్లినిక్కి వెళ్తున్నాను. ఐదింటికి వస్తాను. అప్పటికి మా అత్తయ్య ఆ సోఫాలో కూర్చుని సినిమా చూసేలా ఉండాలి. లేదంటే మీ పెట్టె మీరు పట్టుకెళ్లండి. ఆడిటోరియం సంగతి కూడా అప్పుడే చెప్పేస్తాను."

అత్తగారికి మాత్రం కోపం వచ్చినట్టు లేదు. చేతిలో టీ కప్పు కింద పెట్టి మేస్త్రి వంకే చూస్తూ కూర్చుంది. లైను కలవనప్పుడు తప్పు ఏ కొసన ఉందో వెతికే మనిషిలా చూసింది.

డాక్టరమ్మ వెళ్లాక మేస్త్రి చకచకా పనిలోకి దిగాడు. మంచం మీది మందపాటి స్పాంజి పరుపు అడిగి తెచ్చి, మడిచి సోఫాలో వేసి, స్టూలు తీసేసి, వూఫర్‌ని పరుపు మీద కూర్చోబెట్టాడు. ఇక నేల మింగడానికి లేదు. అయినా చెవికి తేడా లేదు. చెల్లెలు మైకు మళ్లీ అదే పాట పాడింది. "పది డెసిబెల్స్ ఎక్కువుంది అన్నయ్యా, ఇప్పుడు."

"నీ మైకు పెట్టెలో పెట్టి మూత వెయ్యి."

"అన్నయ్యా..."

"వ్యాన్‌లో మందం కేబుల్ ఉంటుంది చూడు. లేకపోతే కొట్టుకెళ్లి పట్టుకురా. ఇక్కడ నువ్వు పక్కనుండి తొమ్మిదీ పదీ అంటుంటే నాకు వినిపించేది కూడా వినిపించదు."

ఆమె కాసేపు అన్న మొహంలోకి చూసింది. తర్వాత మైకు పెట్టెలో సర్ది, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మేస్త్రి మళ్లీ వంగాడు. మోకాలిచిప్పలు మంటెత్తుతున్నాయి. సోమవారం గుర్తొచ్చింది. వెయ్యిమంది పట్టే హాలు, ముందు వరసలో కమిటీ, మధ్యలో తాను ఒక్కడే చెవి ఒగ్గి నిలబడటం. ఆ రోజు కోసం ఇరవై రెండేళ్లు ఎదురుచూశాడు. ఒక డ్రాయింగు రూములో నల్ల పెట్టె దాన్ని ఇలా తన్నేస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఏడుపొచ్చేంత కోపంగా ఉంది ఆయనకి. ఎవరి మీదో తెలియని కోపం మరీ చెడ్డది, ఎక్కడా దించుకోవడానికి లేదు.

టీవీ గోడ అయిపోయింది. షోకేసు దాటాడు. కిటికీ పరదా పక్కకి జరిపి, ఆ వెనకాల మూలలోకి తల దూర్చాడు. కళ్లు మూసుకున్నాడు.

ఉంది.

మొదట నమ్మలేదు. ఊపిరి బిగబట్టి విన్నాడు. బరువుగా, గుండ్రంగా, ఆగకుండా... ఉంది! రెండు మూరలు వెనక్కి జరిగాడు, ఉంది. మళ్లీ ముందుకొచ్చాడు, ఇంకా బాగుంది. పొద్దున్నించీ తనతో దోబూచులాడిన మోత ఈ పరదా వెనకాల కూర్చుని ఉందన్నమాట.

"దొరికింది!" అని అరిచాడు. "అమ్మగారూ, దొరికింది! ఇదిగో, ఇక్కడ! రండి, మీరే వినండి. ఎంత నిండుగా ఉందో చూడండి. ఇదీ వూఫర్ అంటే!"

పరదా తొలగించుకుని, జుట్టంతా బూజుతో, మొహమంతా వెలుగుతో ఇవతలికి వచ్చాడు. అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ చెయ్యి గోడ మీది స్విచ్చి దగ్గర ఉంది.

"నేను దీన్ని ఆపి పది నిమిషాలైంది నాయనా," అంది మెల్లగా. "ఆ అమ్మాయి వెళ్లగానే ఆపేశాను. నాకు తల దిమ్ముగా ఉంటే."

మేస్త్రి నవ్వబోయాడు. వూఫర్ దగ్గరికి వెళ్లి దాని వెనకవైపుకి వంగి చూశాడు. పచ్చ లైటు ఆరిపోయి ఉంది. పెట్టె ముందు గుండ్రటి అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా, కదలకుండా ఉంది. పెట్టె మోగడం లేదు. మోత మాత్రం ఉంది. చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూసుకున్నాడు. ఇంకా పెద్దగా ఉంది.

ఆయన సోఫా చేతి మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్లనించి?" అంది అత్తగారు.

"ఏంటండీ ఎన్నాళ్లనించి?" అన్నాడు, ఆఖరి ప్రయత్నంగా.

"మా ఎక్స్ఛేంజిలో నా పక్క కుర్చీలో ఒకావిడ ఉండేది. ఆడవాళ్ల కాల్సన్నీ చకచకా కలిపేసేది. మగవాళ్లు, అందులోనూ బరువు గొంతు వాళ్లు మాట్లాడితే మాత్రం 'ఏ నంబరు, ఏ నంబరు' అని నాలుగుసార్లు అడిగేది. లైను బాలేదని రిపోర్టు మీద రిపోర్టు రాసేది. ఆర్నెల్లు లైనునే తిట్టింది నాయనా. చివరికి ఆఫీసు వాళ్లు లైను మార్చారు. కొత్త లైనుని కూడా తిట్టింది." ఆవిడ గొంతు ఇంకా తగ్గించింది. "నేను ఇప్పుడు ఎంత మెల్లగా మాట్లాడుతున్నానో తెలుసా? మా కోడలైతే 'ఆఁ' అంటుంది. నీకు ప్రతి అక్షరం అందుతోంది. ఇందాక ఆ లాయరు మేడ అదిరేలా కేకలేస్తే నువ్వు నవ్వావు."

మేస్త్రి తల దించుకున్నాడు. ఈ మూడు నెలల్లో నోట్లో గొణుగుతున్నారని తాను విసుక్కున్నవాళ్లంతా కళ్ల ముందు వరసగా నిలబడ్డారు. బ్యాంకు మేనేజరు, మెకానిక్కు, సొంత మావగారు. అందరూ మగవాళ్లే. అందరూ బరువు గొంతులే.

"మూడు నెలలైందండీ," అన్నాడు. "కుడి చెవి పదేళ్ల కిందటే ఒక స్టేజీ షోలో పెద్ద స్పీకరు పక్కన నిలబడి పాడుచేసుకున్నాను. ఎడమదాంతోనే నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు అందులో ఈ హోరు మొదలైంది. చెవిలో దూది కుక్కినట్టుంటుంది. ఒక్కోసారి తగ్గుతుంది, అప్పుడు పోయిందిలే అనుకుంటాను. ఈమధ్యే మరీ ఎక్కువైంది."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"లేదండీ. చూపించుకుంటే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టాక అది లేదని అనుకోడానికి ఉండదు కదా."

ఇందాక వయసు గురించి తాను అన్న మాట గుర్తొచ్చి మేస్త్రికి సిగ్గేసింది. "నన్ను క్షమించండమ్మా" అన్నాడు. ఆ వెంటనే చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. "మీ కోడలికి చెప్పకండి. నాకోసం కాదు. నా చెల్లెలు బంగారంలాంటి ఉద్యోగం మానేసి నన్ను నమ్ముకుని వచ్చింది. దానికి తెలిస్తే తట్టుకోలేదు."

"నేను చెప్పను," అంది ఆవిడ. "ముప్ఫై ఒక్కేళ్లు ఎంతమంది మాటలో విన్నాను, ఎవరిదీ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చెల్లెలు కేబుల్ చుట్ట భుజాన వేసుకుని, రొప్పుతూ లోపలికి వచ్చింది. టైము నాలుగుంబావు.

"అది పక్కన పెట్టు," అన్నాడు మేస్త్రి. గొంతు మామూలుగా ఉండేలా జాగ్రత్తపడ్డాడు. "నాకు మోకాళ్లు పోతున్నాయి. ఇవాళ్టికి నువ్వు పెట్టు చూద్దాం. నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకో."

ఆమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అదే ఆయనకి మొదట వింతగా తోచింది. పరుపు తీసి లోపల పెట్టేసింది. వూఫర్‌ని ఎత్తి తీసుకెళ్లి, షోకేసు ఉన్న పొడవాటి గోడకి, మూలకి దూరంగా, మూడోవంతు దగ్గర దించింది. అడుగున చిన్న రబ్బరు ముక్కలు పెట్టింది. తీగ బిగించి, వెనక్కి చెయ్యి పోనిచ్చి, నాబ్‌ని కిందికి తిప్పింది. చూడకుండానే, వేళ్లతో గీతలు లెక్కపెట్టుకుంటూ. స్విచ్చి వేసింది. అత్తగారిని పిలిచి సోఫాలో ఆవిడ చోట్లో కూర్చోబెట్టింది.

"ఇదీ!" అంది అత్తగారు, అప్రయత్నంగా. "ఇది బాగుందమ్మాయ్. గుండె మీంచి లేచాడు వాడెవడో."

మేస్త్రి చెల్లెలి పక్కనున్న పెట్టె వైపు చూశాడు. మైకు పెట్టె. దానికి వేసిన మూత వేసినట్టే ఉంది.

"మైకు తియ్యకుండా ఎలా పెట్టావే?"

"ఉజ్జాయింపుగా పెట్టాను."

"నువ్వు ఉజ్జాయింపుగా బల్బు కూడా బిగించవు. ఎన్ని గీతలు తగ్గించావు?"

ఆమె తీగ చుడుతూ కూర్చుంది. చుట్టిన తీగనే విప్పి మళ్లీ చుట్టింది.

"చిట్టీ."

"నువ్వు పెట్టే దానికన్నా నాలుగు," అంది తలెత్తకుండా. "ఎప్పుడూ నాలుగే. మూడు నెలలుగా. నువ్వు పెట్టొచ్చిన ప్రతి ఇంటికీ మర్నాడు వెళ్లి, వైరింగు చూడాలని చెప్పి, నాలుగు గీతలు తగ్గించి వస్తున్నాను. చోటు బాగాలేకపోతే పెట్టె కూడా జరుపుతున్నాను. అలవాటైపోయింది అన్నయ్యా, ఇక మైకు అక్కర్లేదు."

"ఎన్ని ఇళ్లు?"

"పద్నాలుగు."

పద్నాలుగిళ్లు. ఆ పద్నాలుగిళ్లలో ఒక్కరంటే ఒక్కరు తిరిగి ఫోన్ చెయ్యలేదు చూశావా అని పోయిన వారమే మీసం మెలేశాడు. ఎవరి ముందు? ఈమె ముందే. ఆమె నవ్వి, కాఫీ ఇంకొంచెం పోసింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఆయనకి నిలువెల్లా మండింది.

"నన్ను బొమ్మని చేసి ఆడించావా? నేను ఊరంతా చెవి చెవి అని చెప్పుకు తిరుగుతుంటే నువ్వు నా వెనకాల తుడుచుకుంటూ వచ్చావా?"

"మరేం చెయ్యమంటావు?" ఆమె కూడా లేచి నిలబడింది. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "చెప్తే వింటావా? ఇవాళ పొద్దున్నించీ చెప్తూనే ఉన్నాను కదా, తొమ్మిది ఎక్కువ, పది ఎక్కువ అని! మైకుకి మనసుందా అన్నావు! గట్టిగా చెప్తే పని మానేసి ఇంట్లో కూర్చుంటావు. నువ్వు కూర్చుంటే..."

"నువ్వు ఉద్యోగం మానుకున్నది దండగైనట్టే. తెలుసు."

"నా ఉద్యోగం మట్టిగొట్టుకుపోనీ! నీకు ఇంకేం పని చాతవును అన్నయ్యా? ఇంటికి కూరలు తెమ్మంటే ముదురు బెండకాయలు తెస్తావు. నీకున్నది ఇదొక్కటే." ఆమె కళ్లు తుడుచుకుంది. "సోమవారం ఒక్కరోజు గడవనీ. నేను మైకు పట్టుకుని పక్కనుంటాను. సరిగ్గా కుదిరినప్పుడు నీ భుజం మీద దుమ్ము దులుపుతాను. నువ్వు నాబ్ వదిలెయ్. పని మన చేతికొచ్చాక నీ చెవి సంగతి చూసుకుందాం."

అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇద్దరూ గొంతు తగ్గించారు గానీ, ఆవిడ చెవులు ఎలాంటివో ఇద్దరికీ తెలుసు.

మేస్త్రికి ఆ మాటలో ఆశపడటానికి చాలా ఉంది. మోసమని కూడా అనిపించలేదు కాసేపు. వెయ్యిమంది హాలు, తన చేతిలో నాబ్, భుజం మీద చెల్లెలి చెయ్యి. ఎవరికి తెలుస్తుంది? అంతలో పరదా వెనకాల తాను అరిచిన అరుపు గుర్తొచ్చింది. ఆరిపోయిన పెట్టెని పట్టుకుని ఎంత నిండుగా ఉందో చూడండని అరిచాడు. రేపు ఏ హాలులోనైనా అలా అరవడని నమ్మకమేమిటి?

ఆయన తేల్చుకోకముందే తాళంచెవి చప్పుడైంది. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది.

డాక్టరమ్మ సంచి కూడా దించకుండా నేరుగా సోఫా దగ్గరికి వచ్చింది. అత్తగారిని అడిగి రిమోట్ తీసుకుని, ఆవిడకి బాగా ఇష్టమైన యుద్ధం సినిమా పెట్టింది. వంతెన కూలిపోయే చోటు. టీవీలో వంతెన విరిగింది. డాక్టరమ్మ చెయ్యి తెలియకుండానే గుండె మీదకి వెళ్లింది. షోకేసులో ఒక్క కప్పు కదల్లేదు. కిందనించి లాయరు రాలేదు. అత్తగారు చిన్నపిల్లలా రెండు చేతులూ చరిచింది.

మేస్త్రికి టీవీలో రాళ్లు రాలడం వినిపించింది, సైనికుల ఈలలు వినిపించాయి. వంతెన మాత్రం చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయింది.

"మొదటి రోజే ఇలా పెట్టి ఉంటే ఎంత బాగుండేది!" అంది డాక్టరమ్మ, నవ్వుతూ. ఆవిడ నవ్వడం ఈ మూడు రాకల్లో ఇదే మొదలు. "ఇందాక నేను కొంచెం కటువుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి. రాత్రికే కమిటీ వాళ్లకి ఫోన్ చేసి చెప్తాను. సోమవారం ఇక పేరుకే. అందరూ మీ చెవి గురించే చెప్తారు మేస్త్రిగారూ. మరి మీ చెవి ఏమంటోంది? ఇంకేమైనా సవరించాలా, సరిపోయిందా?"

"సరిపోయిందండీ," అంది చెల్లెలు గబుక్కున.

"నిన్ను కాదమ్మా. ఆయన్ని అడుగుతున్నాను."

ఒక్క మాట. సరిపోయిందండీ అంటే చాలు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట అనడమే ఆయన ఉద్యోగం. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మేస్త్రి చెల్లెలి వంక చూశాడు. వద్దన్నట్టు ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అన్నకి ఎప్పుడు ఏ బుద్ధి పుడుతుందో ఆమెకి చిన్నప్పటినించీ తెలుసు.

"సరిపోయే ఉంటుందండీ," అన్నాడు మేస్త్రి. "నాకు వినిపించడం లేదు."

"అంటే?"

"మూడు నెలలైంది. బరువు శబ్దాలేవీ నా చెవికి అందడం లేదు. ఇది నేను పెట్టింది కాదు. మా చెల్లెలు పెట్టింది."

అనేసరికి ఆయనకి ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. డాక్టరమ్మ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆవిడ సంచి బల్ల మీద పెట్టింది. చెల్లెలి వైపు తిరిగింది.

"మా తమ్ముడింట్లో మీరు హోం థియేటర్ పెట్టి రెండు నెలలైంది," అంది. "మర్నాడు వైరింగు చూడాలని చెప్పి మళ్లీ ఒక మనిషి వచ్చిందని, ఎందుకో తమకి అర్థం కాలేదని మా మరదలు చెప్పింది. ఆ వచ్చింది నువ్వేనా? నీకు ఈ సంగతి అప్పటికే తెలుసా?"

అత్తగారు రిమోట్ అందుకుని సినిమా ఆపేసింది. చెల్లెలు ముందు అన్న వంక చూసింది, తర్వాత డాక్టరమ్మ వంక చూసి నోరు తెరిచింది.